కూలి ఇచ్చేటప్పుడు ఆడది, పతకం తెస్తే మగరాయుడా?

2023 అక్టోబరు 1న చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన తెలుగుపిల్ల అగసర నందిని హెప్టాథ్లాన్‌లో కాంస్య పతకం గెలిచింది. హెప్టాథ్లాన్ అంటే ఏడు పందేలండీ. హర్డిల్స్ దాటాలి, ఎత్తు దూకాలి, ఇనపగుండు విసరాలి, 200 మీటర్లు ఉరకాలి, దూరం దూకాలి, బల్లెం విసరాలి, ఒళ్ళంతా పులిసిపోయాక ఆఖరున 800 మీటర్లు పరుగెత్తాలి. ఇదంతా రెండే రెండు రోజుల్లో. ఆ పిల్ల చేసింది. 5712 పాయింట్లు తెచ్చుకుంది. టీ అమ్ముకు బతికే ఇంట్లో పుట్టి, తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న పిల్ల ఆసియా ఖండం మొత్తమ్మీద మూడోదిగా నిలబడితే మర్నాటికల్లా ఈ దేశంలో నడిచిన చర్చ ఏమిటి? ఏడు పందేలూ ఎట్లా నేర్చిందని కాదు, ఏం తిని పరుగెత్తిందని కాదు. ఆమె ఆడదా కాదా అని!

నాలుగు పాయింట్ల తేడాతో నాలుగో స్థానంలో ఆగిపోయిన బెంగాల్ క్రీడాకారిణి స్వప్న బర్మన్, తన పతకం ఒక ట్రాన్స్‌జెండర్ పాలయిందని సోషల్ మీడియాలో రాసింది. తర్వాత ఆ రాత తీసేసింది. తీసేస్తే మాత్రం? అప్పటికే ఫోన్లు పట్టుకున్న ప్రతి మగాడూ డాక్టరైపోయాడు. పిల్ల ఫోటోలు పెద్దవి చేసి దవడ చూశాడు, భుజం చూశాడు, కండ చూశాడు. సంతలో గేదెను కొనేవాడు కూడా ఇంత నిర్లజ్జగా చూడడు. ఆధారం ఉంటే చూపించమని నందిని అడిగింది. ఎవరూ చూపించలేదు.

ఈ మాట మనకి కొత్తా? మన పేటల్లో ఆడవాళ్ళు పుట్టింది మొదలు వింటున్నదే కదా! గట్టిగా నడిస్తే మగరాయుడు. గట్టిగా మాట్లాడితే మగరాయుడు. సైకిలెక్కితే మగరాయుడు. ఊళ్ళో మేడల్లో ఉన్నమ్మ సుకుమారం, పేటలో ఉన్నామె మొరటు. ఎందుకు మొరటైందయ్యా? కైకలూరు చుట్టుపక్కల చేలల్లో మోకాటి లోతు బురదలో వంగి ఊడ్పులు ఊడ్చింది ఎవరు? తెల్లారకముందే రొయ్యల షెడ్లకి పోయి, ఐసులో చేతులు పెట్టి, వేళ్ళు కొరుకులు పోయేలా తలకాయలు వలిచేది ఎవరు? కొల్లేటి చేపల గంపలు నెత్తిన మోసింది ఎవరు? ఆ మోతతో వచ్చిన భుజాలండీ అవి. ఆ బురదతో వచ్చిన పిక్కలవి. ఆ గంప మోసినన్నాళ్ళూ, నువ్వు ఆడదానివేనా అని ఏ కామందూ అడగలేదు. కూలి లెక్క కట్టేటప్పుడు మాత్రం మగ కూలికి ఒక రేటు, ఆడ కూలికి అంతకు తక్కువ రేటు. అప్పుడు ఏ రక్తపరీక్షా లేకుండానే ఆడదని తేలిపోయింది! అదే భుజం పతకాల మెట్టు ఎక్కేసరికి అనుమానం పుట్టుకొచ్చింది.

తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాకి చెందిన శాంతి సౌందరరాజన్ కథ మన పేటల్లో ప్రతి ఆడపిల్లకీ చెప్పాలి. దళిత పిల్ల. తల్లిదండ్రులు ఇటుక బట్టీ కూలీలు. 2006 డిసెంబరులో దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో వెండి పతకం గెలిచింది. కొద్దిరోజులకే లింగపరీక్ష చేశామన్నారు, ఫెయిలైందన్నారు, పతకం గుంజుకున్నారు. ఊరూవాడా టీవీల్లో మోగించారు. దొంగతనం చెయ్యలేదు, మందు తినలేదు. పుట్టిన ఒంటితో పరుగెత్తింది, అంతే. 2007లో ఆమె ప్రాణం తీసుకోబోయింది, బతికింది. పతకం పోగొట్టుకున్న పిల్ల మళ్ళీ ఇటుక బట్టీలో పనికెళ్ళింది. ఇటుకలు మొయ్యడానికి మాత్రం ఏ పరీక్షా అడ్డు రాలేదు చూశారా! ఇప్పటికీ ఆ పతకం తిరిగి రాలేదు.

తర్వాత ఒడిశా చేనేత ఇంటి బిడ్డ ద్యుతీ చంద్. 2014లో ఒంట్లో హార్మోను ఎక్కువుందని గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకి పోనివ్వలేదు. ఆమె ఏడుస్తూ కూచోలేదు. స్విట్జర్లాండులోని క్రీడా న్యాయస్థానం దాకా కేసు నడిపి, 2015లో ఆ నిబంధనని నిలుపు చేయించింది. 2016లో రియో ఒలింపిక్స్‌లో పరుగెత్తింది, 2018లో జకార్తాలో రెండు వెండి పతకాలు తెచ్చింది. శాంతికి లేనిది, ద్యుతీకి ఉన్నది ఏమిటంటే వెనక నిలబడే మనుషులు, వకీళ్ళు. సంఘం ఎందుకని అడిగేవాళ్ళకి ఇదీ మా జవాబు.

ఇప్పుడు పరీక్ష ఇంకా ముదిరింది. 2025 సెప్టెంబరు 1 నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ, ఆడవాళ్ళ విభాగంలో ప్రపంచ పోటీలకి పోయే ప్రతి క్రీడాకారిణీ జన్యుపరీక్ష చేయించుకోవాలని రూలు పెట్టింది. ఆ నెలలోనే టోక్యోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆ రూలు మీదే నడిచింది. శాస్త్రం సంగతి శాస్త్రజ్ఞులు తేల్చుకోనీండి. మేం అడిగేది ఒకటే. మగవాళ్ళ పరుగులో గెలిచినవాడి ఒంట్లో ఏముందని ఎవరైనా చూశారా? ఏడడుగుల వాడు గెలిస్తే దేవుడిచ్చిన ఒళ్ళు అంటారు. ఆడపిల్లకి బలం ఉంటే అనుమానం అంటారు. ఈ అనుమానం ఢిల్లీ అమ్మగారి కూతురి మీదికి పోదు, ఇటుక బట్టీ పిల్ల మీదికి పోతుంది.

ఇంతకీ స్వప్న బర్మన్‌ని తిట్టడానికి మేం ఈ రాత రాయటం లేదు. ఆమె ఎవరో తెలుసా? బెంగాల్లో షెడ్యూల్డు కులంగా లెక్కించే రాజ్‌బంశీల పిల్ల. తండ్రి రిక్షా తొక్కాడు, తల్లి తేయాకు తోటలో పని చేసింది. రెండు కాళ్ళకీ ఆరేసి వేళ్ళు, అప్పట్లో సరిపడే బూట్లు దొరికేవి కావు. ఆ కాళ్ళతోనే 2018లో జకార్తాలో ఇదే హెప్టాథ్లాన్‌లో బంగారం తెచ్చింది. అంటే రిక్షావాడి బిడ్డా, టీ బండివాడి బిడ్డా నాలుగు పాయింట్ల కోసం కొట్టుకుంటే చుట్టూ చేరి చప్పట్లు కొట్టింది ఎవరు? సంక్రాంతికి మన ప్రాంతంలో బరులు చూస్తాం గదా. రెండు పుంజుల కాళ్ళకీ కత్తులు కట్టేది ఒకళ్ళే. నెత్తురోడేది పుంజులు, డబ్బు లెక్కపెట్టుకునేది కుర్చీల్లో కూచున్నవాళ్ళు. మేం స్వప్నని అడిగేదల్లా, అమ్మా, నీ కాలికి కట్టిన కత్తి ఎవరిదో చూసుకోమని.

బరి మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. పందెం కాసేవాడు పుంజు సత్తా చూడడు, ముందు ఈక రంగు చూస్తాడు. డేగా, కాకా, నెమలా? కుక్కుట శాస్త్రం తిరగేసి ఇవాళ ఏ రంగు గెలుస్తుందో లెక్కేస్తాడు. 2016 ఆగస్టులో పి.వి. సింధు రియో ఒలింపిక్స్ ఫైనల్ చేరినప్పుడు మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్ళూ చేసింది ఇదే. ఆమె ఆట ఎట్లా ఉందని కాదు, ఆమె కులమేమిటని గూగుల్లో వెతికారు. ఆ వెతుకులాటలో ఆంధ్రా, తెలంగాణా ముందు వరసలో ఉన్నాయని పత్రికలన్నీ రాశాయి. సిగ్గుతో చచ్చిపోవాల్సిన వార్త. ఎవడూ చావలేదు. మా వాళ్ళంటే మా వాళ్ళని ఇంకా ఎగబడ్డారు.

"ఆటల్లో కూడా కులమేంటండీ మాస్టారూ, అన్నిట్లోకీ లాగుతారు మీరు" అని మమ్మల్ని అనేవాళ్ళున్నారు. అయ్యా, లాగింది మేమా? 2021 టోక్యో ఒలింపిక్స్‌లో వందనా కటారియా దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి భారత మహిళ. అప్పుడు భారతమాత బిడ్డ. నాలుగు రోజులకి అర్జెంటీనాతో సెమీఫైనల్లో జట్టు ఓడింది. హరిద్వార్ దగ్గర రోషనాబాద్‌లో ఆమె ఇంటి ముందు అగ్రకుల కుర్రాళ్ళు టపాసులు కాల్చారు, గంతులేశారు, జట్టులో దళితులు ఎక్కువైపోవటం వల్లే ఓడిందని కులం పేరుతో తిట్టారని ఇంటివాళ్ళు పోలీసు కేసు పెట్టారు. దేశం ఓడితే టపాసులు! మన దేశభక్తిని ఎప్పుడూ శంకించేవాళ్ళు దీనికి సమాధానం చెప్పాలి.

వరంగల్ జిల్లా కల్లెడ పిల్ల జీవాంజి దీప్తి సంగతీ అంతే. బుద్ధి ఎదుగుదల తక్కువని ఊరు ఆ పిల్లని పిచ్చిదనీ, కోతనీ పిలిచింది, అనాథాశ్రమంలో పడెయ్యమని తల్లిదండ్రులకి సలహాలిచ్చింది. కూలి చేసుకునే ఆ తల్లిదండ్రులు పడెయ్యలేదు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి అప్పటి ప్రపంచ రికార్డు కొట్టింది, సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఇక శాలువాలు, బొకేలు, ఫ్లెక్సీలు!

నందిని విషయంలోనూ కొసరు ఉంది. 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో అదే హెప్టాథ్లాన్‌లో 5941 పాయింట్లతో బంగారం కొట్టింది. ఆ పోటీల్లోనే విశాఖ పిల్ల యర్రాజి జ్యోతి, సెక్యూరిటీ గార్డు కూతురు, వానకి తడిసి జనం లేక బోసిపోయిన స్టేడియంలో 100 మీటర్ల హర్డిల్స్ 12.96 సెకన్లలో గెలిచింది. నందిని దవడని పెద్దది చేసి చూసినవాళ్ళలో ఈ 5941 ఎందరికి తెలుసు? ఆమె కులమేమిటో మేం వెతకలేదు, వెతకం కూడా. గురుకులం అన్నం తిని గెలిచింది, మాకది చాలు.

బయటివాళ్ళని తిట్టటం తేలిక. మన పేట మాటేమిటి? మాకు తెలిసిన ఒక పిల్ల తొమ్మిదో తరగతిలో 400 మీటర్లలో మండలం ఫస్టు వచ్చింది. ఆడుకునే బీడంతా చేపల చెరువులైపోతే చెరువు గట్టు మీదే, లారీల దుమ్ములో పరుగెత్తి నేర్చింది. నిక్కరు వేసుకుని ఉరుకుతుంటే గట్టు మీద కూచున్న కుర్రోళ్ళు కూతలు కూశారు. ఆ కూసినవాళ్ళలో మన పేట కుర్రోళ్ళూ ఉన్నారు. అంబేద్కర్ బొమ్మ ఉన్న చొక్కాలు వేసుకునే కుర్రోళ్ళు! "రేపు దీన్నెవడు చేసుకుంటాడండీ" అని తండ్రి మానిపించేశాడు. ఆ పిల్ల ఇప్పుడు రొయ్యల షెడ్డుకి పోతోంది. ఆ తండ్రిని మేం ఎక్కువగా అనలేం, భయం అట్లాంటిది. కుర్రోళ్ళని మాత్రం వదలం. ఏం తమ్ముడూ, దొర నీ అమ్మని మగరాయుడన్నప్పుడు నీకు రోషం వచ్చింది గదా, అదే మాట నీ చెల్లిని నువ్వెట్లా అన్నావు?

ప్రభుత్వాన్ని అడగాల్సినవి అడుగుదాం. ప్రతి సాంఘిక సంక్షేమ హాస్టలుకీ, గురుకులానికీ పరుగెత్తే జాగా కావాలి. ఆడపిల్లల బళ్ళకి ఆడ పీఈటీలు కావాలి. పరుగెత్తే పిల్లకి రోజూ గుడ్డు, పాలు, సరైన బూట్లు కావాలి. పంచాయతీ చెరువుల వేలంలో వచ్చే సొమ్ములో పిల్లల ఆటస్థలానికి ఎంత ఖర్చు పెట్టారో గ్రామసభలో లేచి అడగండి. నోటితో అడిగితే వినరు, కాగితం మీద రాసి రసీదు తీసుకోండి.

ఈసారి మండలం పోటీలకి మన పేటల నుంచి పోయే ఆడపిల్లల వెంట వాళ్ళ అమ్మల్ని పంపుదాం. ఒక్కపూట కూలి పోతే సంఘం తరఫున తలా ఇంత వేసుకుని ఇద్దాం. గ్రౌండు గట్టు మీద మన ఆడవాళ్ళు పాతికమంది చీరచెంగు నడుముకి బిగించి నిలబడితే ఎవడు కూత కూస్తాడో మేమూ చూస్తాం. పేర్లు ఇవ్వాల్సినవాళ్ళు మీ పేట సంఘం కార్యకర్తకి ఇవ్వండి.

జై భీమ్!