వార్తను చెరుగుట

బియ్యములో రాళ్లేరుట మనకెవ్వరును నేర్పనక్కఱలేదు. చేటలో పోసి చెరిగి, రాళ్లను వేరుచేసిన పిమ్మటనే యెసటిలో వేయుదుము. కాని దినదినము సెల్‌ఫోనుద్వారా ఇంటిలోనికి వచ్చు వార్తలను మాత్రము చెరుగకయే స్వీకరించుచున్నాము. అంతటితో నాగక బంధువులకు పంచిపెట్టుచున్నాము.

ఈ తప్పు మేమును చేసితిమి. ఒక ఆకు కషాయము త్రాగినచో మధుమేహమునకు మాత్రలతో పనిలేదని వచ్చిన సందేశమును మంచిదే కదా యని మా పినతల్లిగారికి పంపితిమి. ఏడవ తరగతి చదువుచున్న మా యమ్మాయి దానిని చూచి, “అమ్మా, ఇది వ్రాసినవారెవరు? వారు వైద్యులా?” అని యడిగినది. మా వద్ద సమాధానము లేదు. వెంటనే ఫోను చేయగా, పినతల్లిగారు రెండు దినములుగా మాత్రలు మానియున్నారని తెలిసినది! ఆ పూటయే వైద్యుని కడకు పంపితిమి.

ఇట్టి నమ్మకము ప్రాణములనే తీయగలదు. 2018లో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాపులో వదంతులు ప్రబలెను. జులై 1వ తేదీన మహారాష్ట్రములోని ధూళే జిల్లా రాయిన్‌పాడ గ్రామమున నైదుగురు నిరపరాధులను జనులు కొట్టి చంపిరి. ఆ యేడే తెలంగాణమున జోగుళాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు పోలీసులను గ్రామములకు పంపి, డప్పులతోను పాటలతోను జనులకు నిజము తెలిపించిరి.

పెద్దలకే యింత చెప్పవలసి వచ్చినప్పుడు, పిల్లలకు బడిలోనే నేర్పుట మేలుకదా! అమెరికాలో లాస్ ఏంజిలెస్ టైమ్స్ విలేఖరి ఆలన్ మిల్లరుగారు 2006లో తమ కుమార్తె చదువు పాఠశాలకు పోయి, తమ వృత్తినిగూర్చి పిల్లలకు చెప్పిరి. ఆ యనుభవమే ప్రేరణగా 2008లో న్యూస్ లిటరసీ ప్రాజెక్టు అను సంస్థను స్థాపించిరి. ఆ సంస్థ 2016లో ‘చెకాలజీ’ యను పేర అంతర్జాలముద్వారా పాఠములు ప్రారంభించినది. అందొక పాఠమున విద్యార్థులు తమ కంటబడినదానిని వార్త, అభిప్రాయము, వినోదము, వ్యాపారప్రకటన, ప్రచారము, పరిశీలింపబడని ముడి సమాచారము అని యాఱు విధములుగా వేరుచేయుట నేర్తురు. ఇది తెలుపుటకు వ్రాసినదా, నమ్మించుటకా, అమ్ముటకా యని యడుగుటయే యందలి కీలకము.

చదువెంత యున్నను ఈ నేర్పు దానంతట రాదు. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 10 మంది చరిత్ర పండితులను, 10 మంది వార్తా పరిశీలకులను, 25 మంది విద్యార్థులను పరీక్షించి, 2017లో ఫలితములు ప్రకటించిరి. పండితులలోను విద్యార్థులలోను పలువురు పుటయొక్క పై మెఱుగులు చూచి మోసపోయిరి. పరిశీలకులు మాత్రము ఆ పుటను విడిచి, దానిని నడుపువారినిగూర్చి యితరులేమనుచున్నారో ముందుగా వెదకిరి. పెండ్లి సంబంధము వచ్చినప్పుడు మనము చేయునదియు నిదియే. వరునివారి మాటలు విని యూరకుందుమా? ఆ యూరివారిని విచారింపమా?

కావున రాత్రి భోజనములైన పిమ్మట, ఆనాడు వచ్చిన సందేశము నొకదానిని పిల్లలతో కూర్చుండి చూడుడు. వ్రాసినదెవరు? ఎప్పటిది? వేఱెవరైన నిది చెప్పిరా? ఈ మూడును వారిచేతనే వెదకింపుడు. జవాబు దొరకనిచో నా సందేశము నెవ్వరికిని పంపకుడు.

మఱియొక మనవి. పిల్లలట్లు మనలనే ప్రశ్నించినప్పుడు, “పెద్దల కెదురు చెప్పెదవా!” యని గద్దింపకుడు. మా యమ్మాయి నానాడు మేమట్లు గద్దించియుండినచో, పినతల్లిగారు మాత్రలు మానియే యుండెడివారు.