నువ్వు యాడుండావురా దీంట్లో?

ఈ వారం టమోటా ఊరగాయ ఎండబెట్టడం గురించి రాస్తానని మాటిచ్చాను. కోప్పడకండి, అది వచ్చే వారానికి వాయిదా. మా ఇంట్లో ఒక వీడియో వల్ల చిన్న గొడవ వచ్చింది. అది తేలకుండా ఊరగాయ మీద మనసు పోవడం లేదు.

మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో ఏడు. సెలవులకొచ్చాడు. ఆ రోజు మధ్యాహ్నం నేను బొరుగులు వేయిస్తుంటే హాల్లోంచి ఒకటే నవ్వు. ఏందిరా అంటే ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు. 2003లో వచ్చిన 'పల్నాటి బ్రహ్మనాయుడు' సినిమా ముక్క. బాలకృష్ణ తొడ కొడితే రైలు వెనక్కి పోతుందే, ఆ సీను. దాని మీద ఎవరో కుర్రాడు మాటలు చెబుతున్నాడు. బొమ్మను ఆపుతాడు, ముందుకు తెస్తాడు, మళ్ళీ వెనక్కి తిప్పుతాడు, మధ్యలో బ్రహ్మానందం మొహం అతికిస్తాడు. నాకూ నవ్వొచ్చింది, అబద్ధమెందుకు?

"ఇది మీ అవ్వ ఎప్పుడో చెప్పింది, ఇంతకంటే బాగా" అన్నాను. వాడు నమ్మలేదు.

నిజంగానే చెప్పింది. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది దాటింది. చిత్తూరు నుంచి తిరుపతికి కోడలిగా వచ్చాను. మా అత్తమ్మంటే నాకు హడలు. ఆమె ముందు నవ్వాలంటే కూడా ఆలోచించేదాన్ని. ఆ సినిమాకు ఇంటిల్లిపాదీ వెళ్ళాం. మావారి పక్కన కూర్చోవాలనుకున్నదాన్ని, ఎట్లా జరిగిందో అత్తమ్మ పక్కన పడ్డాను. ఆమె కొంగులో వేయించిన చెనిక్కాయలు. తెర మీద ఆయన తొడ కొట్టాడు, రైలు వెనక్కి పోయింది. హాల్లో సగం మంది ఈలలు, సగం మంది నోళ్ళు తెరిచారు. అత్తమ్మ చెనిక్కాయ ఒలుస్తూనే, నా వైపు తిరగకుండా, "ఈయన్ని రేణిగుంటలో పెడితే బాగుండు, మన బండి సిగ్నల్ కోసం అరగంట నిలబడే బాధ తప్పుతుంది" అంది. ఒక్క నిమిషం ఆగి, "మీ మామా ఉండాడు, తొడ కొడితే దోమ గూడా లేవదు" అంది.

ఆ పక్కనే కూర్చున్న మామయ్య "వింటా ఉండా" అన్నారు. ముందు వరుసలో ఎవరో పకపకా నవ్వారు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ రోజు నుంచే ఆ ఇంట్లో నాకు భయం తగ్గింది.

(బాలకృష్ణ అభిమానులు నా మీద అలగవద్దు. బి.గోపాల్ దర్శకత్వంలో ఆయన చేసిన 'సమరసింహారెడ్డి' 1999లోనూ, 'నరసింహనాయుడు' 2001లోనూ వస్తే మొదటి వారమే చూసినదాన్ని. ఆ ఇద్దరే ఈ సినిమా కూడా తీశారు. అక్కడ ఈలలు వేయించిన తొడ, ఇక్కడికొచ్చేసరికి నవ్వులపాలయింది. ఉప్పు అదే, చెయ్యి అదే, ఒకరోజు పులుసు కుదురుతుంది, ఒకరోజు కుదరదు.)

అబ్బాయితో వాదన పెట్టుకున్నాను. థియేటర్లో బొమ్మ ఆగదు. డైలాగుకూ డైలాగుకూ మధ్య రవ్వంత సందు దొరికితే అందులో మాట వేసెయ్యాలి, అదీ పక్కవాళ్ళకు అడ్డం రాకుండా. మీవాడు బొమ్మను నిలబెట్టి, కావలసినంత సేపు ఆలోచించుకుని, పది సార్లు చెప్పుకుని బాగున్నది పెట్టుకుంటాడు. "అది ఎడిటింగమ్మా, దానికీ కష్టముంది" అన్నాడు వాడు. ఉంటుంది, కాదనను. కానీ బొరుగులు వేయించేటప్పుడు మంట ఆపి ఆలోచించుకోవడానికి లేదు కదా!

అసలు ఈ విద్య మన వైపు కొత్తది కాదు. మా చిన్నప్పుడు చిత్తూరు పక్క పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగేది. ఇప్పటికీ జరుగుతుంది. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి వేషగాడు తపసు మాను ఎక్కి నిమ్మకాయలు విసిరితే ఆడవాళ్ళు కొంగులు పట్టేవాళ్ళు. కడపటి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ. రాత్రి నాటకంలో రాజు కిరీటం పెట్టుకుని గంట సేపు తన గొప్ప చెప్పుకుంటుంటే పక్కన బపూన్ నిలబడి మాటకు మాట తగిలించేవాడు. రాజు రాగం ఎక్కువ తీస్తే "నూనె అయిపోతా ఉండాది, దీపమారేలోగా యుద్ధానికి పదండి సామీ" అన్నట్టుండేవి వాడి మాటలు. మేము చాప మీద సగం నిద్రలో ఉన్నా వాడి గొంతు వినిపిస్తే లేచి కూర్చునేవాళ్ళం. కానీ ఒకటి, ఆ బపూన్ కూడా మొహానికి రంగు పూసుకునే నిలబడేవాడు. రాజుతో పాటు తెల్లవార్లూ వాడూ మేలుకునేవాడు.

పేపర్లలో ఈ పని చేసినవారంటే నాకు ముళ్ళపూడి వెంకటరమణగారే గుర్తొస్తారు. 1950లలో ఆయన ఆంధ్రపత్రికలో పనిచేస్తూ సినిమాల మీద సమీక్షలు రాశారు. కన్యాశుల్కంలోని గిరీశాన్ని పట్టుకొచ్చి, సినిమాల మీద ఉపన్యాసాలిప్పించి 'గిరీశం లెక్చర్లు' రాశారు. నేను ఇంటర్ చదివేటప్పుడు లైబ్రరీలో ఆ పుస్తకం చదువుతూ నవ్వి చీవాట్లు తిన్నాను. అట్లా వెక్కిరించినాయన తరువాత తానే సినిమాలకు రాశారు. బాపుగారితో కలిసి 1967లో 'సాక్షి' తీశారు. అంటే ఇక తన సినిమాను చూసి నలుగురూ నాలుగు మాటలు అనడానికి తానే తలుపు తెరిచారన్నమాట.

ఇంకొకటి చెప్పకపోతే మీరే నన్ను అడుగుతారు. 1984లో జంధ్యాలగారి 'శ్రీవారికి ప్రేమలేఖ'. పొత్తూరి విజయలక్ష్మిగారి నవలే ఆ సినిమా అయింది. అందులో శ్రీలక్ష్మి సినిమా కథ చెప్పమంటే టైటిళ్ళ దగ్గర నుంచి మొదలుపెడుతుంది. ఎదుటివాళ్ళు జుట్టు పీక్కోవాలి. అక్కడ సినిమా మీదా నవ్వే, సినిమా పిచ్చి ఉన్న మన మీదా నవ్వే. మా వీధిలో అట్లా కథ చెప్పే ఆవిడ ఒకరుండేవారు. ఆమె చెబితే మూడు గంటల సినిమా నాలుగు గంటలు పట్టేది.

ఈ మధ్య కాలానికొస్తే, 2014లో 'హృదయ కాలేయం' అని సంపూర్ణేష్ బాబుతో ఒక సినిమా వచ్చింది. మాస్ సినిమాల్లోని అతినంతా మూటగట్టి వెక్కిరించారు. అది తీసిన సాయి రాజేష్ తరువాత 2020లో వచ్చిన 'కలర్ ఫొటో'కు కథ రాశారు, ఆ సినిమాకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. మా అబ్బాయికి 'హృదయ కాలేయం' ప్రాణం. నాకు మొదటి అరగంట బాగుంది, తరువాత తలనొప్పి.

వాడే ఇంకో సంగతి చెప్పాడు, అది మాత్రం నన్ను పట్టుకుంది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఎల్‌పాసో ఊళ్ళో ఎరువులు అమ్ముకునే హెరాల్డ్ వారెన్ అనే ఆయన, నేనూ సినిమా తీయగలనని పందెం కట్టి 1966లో 'మానోస్' అని ఒకటి తీశాడట. చేత్తో కీ ఇచ్చే కెమెరా, ఒక్కో షాటు 32 సెకన్లకు మించి తీయలేదట. మాటలు తరువాత నలుగురైదుగురు కూర్చుని అందరి బదులూ చెప్పేశారట. ఎవరూ పట్టించుకోక మూలపడిన ఆ సినిమాను 1993లో ఒక టీవీ కార్యక్రమంవాళ్ళు బయటికి తీశారు. 'మిస్టరీ సైన్స్ థియేటర్ 3000' అని దాని పేరు. తెర కింద మూలన ముగ్గురి నీడలు కనిపిస్తాయి, ఒక మనిషి, రెండు బొమ్మలు. సినిమా నడుస్తూనే ఉంటుంది, వాళ్ళు మాటలు విసురుతూనే ఉంటారు. అచ్చం మా బపూనే! ఆ కార్యక్రమంలో పనిచేసినవాళ్ళే కొందరు 2006లో 'రిఫ్‌ట్రాక్స్' అని ఇంకొకటి పెట్టి, 2012లో మళ్ళీ అదే సినిమాకు, ఈసారి థియేటర్లలో జనం ముందు, కొత్తగా మాటలు చెప్పారు. ఒకే చెడ్డ సినిమాకు పందొమ్మిదేళ్ళ తేడాతో రెండు వ్యాఖ్యానాలు. పాతదే బాగుందని కొందరు, కొత్తది బాగుందని కొందరు అక్కడ కొట్టుకుంటుంటారట. మాలాగే.

నన్ను పట్టుకున్నది అది కాదు. ఆ సినిమాలో ఒక చిన్నపిల్ల ఉంది, జాకీ అని. సినిమాలో పెద్ద వేషం కట్టినాయన కూతురే. మొదటి రోజు ఆట చూడ్డానికి కొత్త గౌనేసుకుని వెళ్ళి ఉంటుంది పాపం. తెర మీద తన నోట్లోంచి ఎవరో పెద్దావిడ గొంతు వచ్చేసరికి ఏడ్చేసిందట. పెద్దయ్యాక ఆ సినిమాతో పెరిగిన సంగతులన్నీ పుస్తకంగా రాసుకుంది.

ఈ పిల్ల సంగతి విన్నప్పుడు నాకు మా ఆడబిడ్డ గుర్తొచ్చింది. ఇక మా ఇంటి గొడవకొస్తాను.

మా పెళ్ళి 2002లో, చిత్తూరులో. వీడియో తీసిన అబ్బాయి రెండు కాసెట్లు నింపాడు. అంతకంటే చెడ్డ సినిమా లోకంలో ఉండదు. తామరపువ్వు విచ్చుకుంటే అందులోంచి మావారి తల వస్తుంది. హృదయం బొమ్మలో నేను గిర్రున తిరుగుతాను. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి ఎవరిదో వీపు. ఇంటికి ఏ చుట్టం వచ్చినా ఆ కాసెట్టు పెట్టేవాళ్ళు, దానికి అత్తమ్మ నోటి మాట ఉచితం. "ఆ నీలం చీర పెద్దావిడెవరో గానీ గంట నుంచీ లడ్డూ బుట్టకు కాపలా కాస్తా ఉంది" అనేది. ఆ నీలం చీర ఆమే. మా ఆడబిడ్డ అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసింది, సాటిన్ లంగావోణీలో ప్రతి షాటులోనూ దూరి కెమెరా వైపే చూస్తుంటుంది. "ఇది పెండ్లికూతురు కాదు, పెండ్లికూతురు దాని వెనకాల ఉండాది" అనేది అత్తమ్మ. ఆడబిడ్డే అందరికంటే ముందు నవ్వేది, ఆ చోటు రాగానే "అమ్మా, చెప్పు చెప్పు" అనేది.

ఆ కాసెట్టును తరువాత సీడీ చేయించాం, సీడీ నుంచి ఫోన్లోకి వచ్చింది. మొన్న మా అబ్బాయి, వాడి స్నేహితుడు కలిసి దానికి ఏడు నిమిషాల కామెంటరీ చేశారు. నాకు చూపించాడు. తామరపువ్వు దగ్గర, వీపు దగ్గర కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాను. తరువాత ఆడబిడ్డ వచ్చింది. ఆమెకు అప్పట్లో పళ్ళు కొంచెం ఎత్తు. వీడు అక్కడ బొమ్మ ఆపాడు. దగ్గరికి తెచ్చాడు. టింగుమని ఒక శబ్దం పెట్టి ఏదో అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను. నేను నవ్వు ఆపి "ఇది తీసెయ్‌రా" అన్నాను, అన్నాననే అనుకుంటున్నాను. గట్టిగా అనలేదేమో. పొయ్యి మీద పాలున్నాయి. నేను వంటింట్లోకి పోయి వచ్చేలోపల అది చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళిపోయింది.

ఆ గ్రూపులో ఆమె అత్తవారింటివాళ్ళు కూడా ఉన్నారు. అరగంటలో ఇరవై నవ్వు బొమ్మలు పడ్డాయి. సాయంత్రానికి ఆడబిడ్డ గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఫోను చేస్తే ఎత్తలేదు. మావారు వాణ్ణి కేకలేశారు. "జోక్ నాన్నా, అవ్వ అంటే నవ్వుతారు, నేనంటే తప్పా?" అన్నాడు వాడు. మాలో ఎవరి దగ్గరా దానికి జవాబు లేదు.

అత్తమ్మకిప్పుడు డెబ్బై నాలుగు. చెవులు కాస్త మందం. ఫోను గొంతు పెంచి ఏడు నిమిషాలూ చూసింది. బుట్ట దగ్గర నవ్వింది, తామరపువ్వు దగ్గర నవ్వింది. కూతురి పళ్ళ దగ్గర నవ్వలేదు, అట్లాగని తిట్టనూ లేదు. అంతా అయ్యాక ఫోను వాడి చేతికిచ్చి, "అంతా బాగుండాది గానీ నాయనా, నువ్వు యాడుండావురా దీంట్లో?" అంది.

"నేను అప్పటికి పుట్టలేదు కదవ్వా" అన్నాడు వాడు.

"అదే చెప్తా ఉండా" అని ఆమె వక్కాకు నోట్లో వేసుకుంది.

వాడు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మరుసటి రోజు ఆ వీడియో తీసేశాడు, కానీ చూసినవాళ్ళు చూశారు, పంపినవాళ్ళు పంపేశారు. మూడో రోజు ఏమనుకున్నాడో, అవ్వ పక్కన ఫోను పెట్టి, మొత్తం కాసెట్టు మళ్ళీ మొదటి నుంచి వేశాడు. ఈసారి ఆపకుండా. అత్తమ్మ పాతికేళ్ళ నాటి మాటలే చెబుతూ పోయింది, కొన్ని మరిచిపోయి కొత్తవి కల్పించింది. నీలం చీర వచ్చింది, లడ్డూ బుట్ట వచ్చింది. సాటిన్ లంగావోణీ వచ్చినప్పుడు ఆమె కొంచెంసేపు ఏమీ అనలేదు. తరువాత, "దీనికి ఆ వోణీ నేను పుత్తూరులో కొన్నా. నెల రోజులు అడిగింది" అంది. అది జోకు కాదు, అయినా వాడు తీసెయ్యలేదు. చివర్లో తన గొంతుతో "అత్తా, సారీ" అని మాత్రం చేర్చాడు.

దాన్ని గ్రూపులో పెట్టలేదు, ఆమె ఒక్కదానికే పంపాడు. నిన్న రాత్రి రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు. మదనపల్లె నుంచి తిరుపతికి బస్సులకు లోటు లేదు, ఆదివారం వచ్చినా వస్తుందని అత్తమ్మ అంటోంది. ఆమెకు సంగటీ, చెనిక్కాయల ఊరిబిండీ అంటే ఇష్టం. రాగులు ఆడించుకొచ్చి పెట్టాను.