పిస్తోలు పక్కన లేని పేర్లు

వాషింగ్టన్‌లో ఫోర్డ్స్ థియేటర్ అనే నాటకశాల ఉంది. 1865 ఏప్రిల్ 14 రాత్రి జాన్ విల్క్స్ బూత్ అనే నటుడు అక్కడే అబ్రహాం లింకన్‌ను కాల్చి పారిపోయాడు. జేబులో పట్టే అతని డెరింజర్ పిస్తోలు అక్కడే దొరికింది. ఒకసారి మందు దట్టిస్తే ఒకే గుండు పేలే తుపాకి అది. ఇప్పుడు అదే నాటకశాల మ్యూజియంలో అద్దాల వెనుక ఉంది.

ఉండనివ్వండి. మేం అడిగేది వేరే: ఆ పిస్తోలు కథ తెలిసిన మనకు డకోటాల కథ ఎందుకు తెలియదు?

మిన్నెసోటాలో డకోటా ఆదివాసుల భూములను ఒప్పందాల పేరుతో తీసుకున్నారు. ఇస్తామన్న డబ్బు వేళకు ఇవ్వలేదు. గోదాముల్లో తిండి ఉన్నా పెట్టలేదు. 1862 ఆగస్టులో ఆకలి తిరగబడింది. వందలాది తెల్లవాళ్లు చనిపోయారు, అదీ దాచకుండా చెప్పాలి. తర్వాత సైనిక విచారణ 303 మందికి మరణశిక్ష వేసింది. వాళ్లకు వకీలు లేడు. కొన్ని విచారణలు ఐదు నిమిషాలు కూడా సాగలేదు. లింకన్ కాగితాలు చూసి 39 పేర్లు స్వయంగా తన చేత్తో రాశాడు. ఒకరికి చివర్లో శిక్ష ఆగింది. డిసెంబర్ 26న మంకాటోలో 38 మందిని ఒకే వేదికపై, ఒకేసారి ఉరితీశారు. ఆరో రోజున, 1863 జనవరి 1న, బానిసల విముక్తి ప్రకటన మీద సంతకం పెట్టిందీ ఆ చెయ్యే.

"264 మందిని కాపాడాడు కదా" అంటారు. నిజమే, అదీ చెబుదాం. కానీ మిగతా సగం మింగేస్తే అది చరిత్ర కాదు, భజన.

బడి గోడల మీద "లింకన్ తన కొడుకు టీచరుకు రాసిన ఉత్తరం" వేలాడుతుంటుంది. అది ఆయన రాసిందనడానికి ఆధారం లేదు. ఆయన నిజంగా రాసిన 39 పేర్ల కాగితం మాత్రం ఏ గోడ మీదా లేదు.

మన పాఠాలూ అంతే. 1922 మన్యం పోరాటం అనగానే చింతపల్లి స్టేషన్ తుపాకులతో మొదలుపెడతాం. దానికి ముందు అడవిపై ఆంక్షలు, రోడ్డు పనిలో చేయించుకున్న వెట్టి, గాం సోదరుల కడుపుమంట మూడు ముక్కల్లో దాటేస్తాం. పాఠం తుపాకీతో మొదలైతే ఆదివాసి హింసాపరుడిగానే కనబడతాడు. ఆకలితో మొదలైతే మనిషిగా కనబడతాడు.

తోటి టీచర్లారా, రేపు ఆ ఉత్తరం పక్కన ఒక కాగితం అంటించండి: "1862 డిసెంబర్ 26, మంకాటో, 38 మంది." పిల్లలు అడుగుతారు. అప్పుడు మొదటి నుంచి చెబుదాం.