పేరు చెబితే నంబరు!

కోడుమూరులో ఎవరిల్లయినా వెతకాలంటే డోర్ నంబరు అక్కర్లేదు. పేరు చెబితే టీ బంకు దగ్గరే దారి చూపిస్తారు. అక్కడ తెలియకపోతే పోస్టాఫీసు ఉండనే ఉంది. లైనక్స్ కంప్యూటర్లదీ ఇదే పద్ధతి!

కాలేజీ ల్యాబ్‌లో పది కంప్యూటర్లు, ఒక ప్రింటర్ ఉన్నాయనుకోండి. మనుషులకు 'ప్రింటర్' అన్న పేరు చాలు. నెట్‌వర్క్‌కు మాత్రం 192.168.1.20 లాంటి నంబరు కావాలి. సి ప్రోగ్రామ్ ఆ పేరు అడగ్గానే సిస్టమ్ మామూలుగా ముందు 'హోస్ట్స్' అనే సొంత చిట్టా చూస్తుంది. అందులో లేకపోతే డీఎన్ఎస్ సర్వర్‌ను అడుగుతుంది. ఎవరిని ముందు అడగాలో 'ఎన్ఎస్‌స్విచ్' ఫైల్లో రాసి ఉంటుంది. అందులో ఎండీఎన్ఎస్ కూడా ఉంటే, చివర 'లోకల్' ఉన్న పేర్ల కోసం నెట్‌వర్క్ మొత్తాన్నీ కేకేసి అడుగుతుంది. ఆ పేరున్న యంత్రమే పలుకుతుంది.

పాత సి పుస్తకాలు ఈ పనికి 'గెట్‌హోస్ట్‌బైనేమ్' వాడమంటాయి. 2008లోనే పోసిక్స్ ప్రమాణాల నుంచి దాన్ని తీసేశారు. లైనక్స్‌లో దాని వెనకున్న గ్లిబ్‌సీ కోడ్‌లో 2000 నుంచీ ఒక లోపం దాగి ఉంది. 2013లో సరిదిద్దినా, అది హ్యాకర్లు దూరే సందని ఎవరూ గుర్తించలేదు. దాంతో చాలా సర్వర్లు పాత కోడ్‌తోనే నడిచాయి. 2015 జనవరిలో 'ఘోస్ట్' పేరుతో అది బయటపడ్డాక అందరూ ఉలిక్కిపడ్డారు.

ఇప్పుడు వాడాల్సింది 'గెట్‌అడ్రిన్‌ఫో'. ఇది ఐపీవీ4, ఐపీవీ6 చిరునామాలు రెండింటినీ జాబితాగా ఇస్తుంది. మొదటిది పలక్కపోతే రెండోది ప్రయత్నించాలి. పనయ్యాక 'ఫ్రీఅడ్రిన్‌ఫో'తో ఆ మెమరీని వదిలేయాలి.

అయినా పేరు దొరకలేదా? ప్రోగ్రామ్‌ను తిట్టుకునే ముందు హోస్ట్స్ చిట్టా ఒకసారి తెరిచి చూడండి. కొన్నిసార్లు తప్పు అక్కడే ఉంటుంది.