గురుకులంలో కులం

విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్‌లో రోజూ దిగే మా స్టూడెంట్లకు ఆ పేరెందుకొచ్చిందో తెలియదు. ఆరో నిజాం అనాథ పిల్లల కోసం పెట్టిన హోం పేరది. అప్పుడు పేదపిల్లల చదువంటే దానం. తర్వాత సోషల్ వెల్ఫేర్ హాస్టల్. నీళ్లచారు, ట్రంకు పెట్టె, గజ్జి. అయినా లోపలికి పోవడానికి ఎంట్రన్స్ లేదు.

1971లో పి.వి. హయాంలో సర్వేల్‌లో తొలి గురుకులం మొదలైంది. 1980ల్లో ఆ పేరు సాంఘిక సంక్షేమానికీ వచ్చింది. 'కులం' అంటే అక్కడ ఇల్లని పండితులంటారు. సరే, ఆ ఇంట్లోకి ఏకలవ్యుణ్ణి ఎవరు రానిచ్చారు? ఆ మాటకు కొత్త అర్థం ఇచ్చింది మన పిల్లలే. 2014లో పూర్ణ, ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కినంక వాడల్లో గురుకులమంటే గర్వం.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగో తరగతి పిల్లలకు గురుకుల కోచింగ్! హక్కు కాస్తా ర్యాంకయింది.

అమెరికాలో చార్టర్ స్కూల్ కథా ఇట్లాంటిదే. వెనకబడ్డ పిల్లల కోసం టీచర్లే నడిపే ప్రయోగంగా 1988లో దాన్ని ముందుకు తెచ్చిన యూనియన్ నాయకుడు ఆల్బర్ట్ షాంకర్, కొన్నేళ్లకే అది ప్రైవేటు లాభాల దారి పట్టిందని ఎదురు తిరిగాడు. ఇప్పుడక్కడ సీట్లకు లాటరీ తీస్తారు.

గురుకులాలు వద్దనడం లేదు, మనం కొట్లాడి నిలబెట్టుకున్నవే. కానీ పోయినేడు సీటు రాని మా అక్క బిడ్డ "నాకు తెలివి లేదా మామా?" అనడిగింది. ఎల్బీనగర్ బస్తీలో తను చదివే బడిలో ఐదు క్లాసులకు ఇద్దరే టీచర్లు. ఎంట్రన్స్ తీసేయాలి. గురుకులంలో ఒక్కో పిల్లకు పెట్టే ఖర్చు ఆ బడికీ పెట్టాలి. మన సంఘాల డిమాండ్లలో ఈ రెండో మాట ఎందుకుండదు?