పరుగు సంగతి సరే, మధ్యలో ఆగితే?

బయోఇన్ఫర్మేటిక్స్‌లో మెషీన్ లెర్నింగ్ జాబులు నడిపేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "దీన్ని ఫాస్టుగా చెయ్యడం ఎలా?" నా మట్టుకు నాకు అది రెండో ప్రశ్న. ముందు అడగాల్సింది, "మధ్యలో ఆగిపోతే ఎక్కణ్ణుంచి మొదలెడతాం?" అని.

ఎందుకంటే రోజుల తరబడి నడిచే జాబు ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. యూనివర్సిటీ క్లస్టర్లలో జాబుకింత టైమని ముందే హద్దు పెడతారు. అది దాటితే స్లర్మ్ మొహమాటం లేకుండా చంపేస్తుంది. చవగ్గా వస్తోందని అమెజాన్ స్పాట్ మెషీన్ తీసుకుంటే, దాన్ని వెనక్కి లాక్కునేముందు ఇచ్చే నోటీసు 2 నిమిషాలు. ఆరు రోజుల ట్రైనింగ్ అయిదో రోజు పడిపోయి మళ్ళీ మొదటికొస్తే, దాని వేగం ఎవరికి కావాలి?

మెయిన్‌ఫ్రేముల మీద పనిచేసిన మన పాతకాపులకి ఇది కొత్తేం కాదు. జాబ్ కార్డులో రీస్టార్ట్ అని రాసి, ఆగిన స్టెప్పు నుంచి నడిపించేవాళ్ళు. ఆ క్రమశిక్షణ మనం ఎక్కడో పారేసుకున్నాం.

మోడల్ వెయిట్లు సేవ్ చేస్తే చెక్‌పాయింట్ అయిపోయిందనుకుంటారు చాలామంది. చాలదండీ. ఆడమ్ లాంటి ఆప్టిమైజరు ప్రతి పెరామీటరుకీ రెండేసి సగటులు మోస్తూ ఉంటుంది. అవీ, లెర్నింగ్ రేటు షెడ్యూలూ, ర్యాండమ్ నంబర్ల స్థితీ, డేటా ఎంతవరకు చదివామన్నదీ అన్నీ దాచాలి. అది కూడా పాత ఫైలు మీదే రాయకుండా, పక్కన తాత్కాలిక ఫైల్లో రాసి, పూర్తయ్యాక పేరు మార్చాలి. లేదంటే రాస్తుండగా జాబు చస్తే కొత్తదీ దక్కదు, పాతదీ మిగలదు.

ఎంతసేపటికోసారి దాచాలి? దీనికి 1974లోనే యంగ్ అనే ఆయన లెక్క చెప్పాడు: ఒకసారి దాచడానికి పట్టే టైముని, సగటున ఎంతసేపటికోసారి మెషీన్ పడిపోతుందో దాంతో గుణించి, రెట్టింపు చేసి, వర్గమూలం కట్టడమే. దాచడానికి 2 నిమిషాలు, రోజుకోసారి పడిపోయే మెషీన్ అనుకుంటే, సుమారు 76 నిమిషాలకోసారి దాస్తే సరిపోతుంది. ఊహతో పని లేదు.

ఇంతవరకూ పోయేది టైమూ డబ్బూనే. అసలు ప్రమాదం వేరే ఉంది. జాబు మళ్ళీ మొదలైనప్పుడు, శాంపిళ్ళని ట్రైనింగ్, టెస్టు భాగాలుగా కొత్త సీడ్‌తో మళ్ళీ విడగొట్టిందనుకోండి. నిన్నటిదాకా మోడల్ చూసి నేర్చుకున్న రోగుల శాంపిళ్ళే ఇవాళ టెస్టులోకి వస్తాయి. ఎర్రరేమీ రాదు. పైగా యాక్యురసీ పెరుగుతుంది! క్వశ్చన్ పేపరు లీకైన పరీక్షలో వచ్చిన ఫస్టు ర్యాంకన్నమాట. ఇలాంటి మోడల్‌ని నమ్మి రేపెవరైనా రోగం నిర్ధారిస్తే? అందుకే ఆ విభజన ఒక్కసారే చేసి, ఫైల్లో రాసి, ఇంక దాని జోలికి పోకూడదు. ప్రోటీన్లయితే దగ్గరి పోలికలున్న సీక్వెన్సులన్నీ ఒకే వైపు ఉండేలా కూడా చూసుకోవాలి.

ఇక వేగం. చిత్రమేంటంటే, ఆగిన చోట నుంచి మొదలయ్యేలా పనిని ముక్కలు చేస్తే వేగం కూడా చాలావరకు దానంతటదే వస్తుంది. ఆల్ఫాఫోల్డ్ సంగతే చూడండి. పోలికలున్న సీక్వెన్సుల కోసం పెద్ద పెద్ద డేటాబేసులు గాలించే పనికి సీపీయూ చాలు. ఆకారం ఊహించడానికి మాత్రం జీపీయూ కావాలి. రెండూ ఒకే జాబులో పెడితే, గాలింపు అయ్యేదాకా ఖరీదైన జీపీయూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటుంది. 2024 నవంబరులో బయటికొచ్చిన ఆల్ఫాఫోల్డ్ 3 కోడులో ఈ రెండింటినీ విడివిడిగా నడిపే వీలుంది. గాలింపు ఫలితాలు దాచుకుంటే, జీపీయూ జాబు పడిపోయినా మళ్ళీ గాలించక్కర్లేదు. 2022లో వచ్చిన కొలాబ్‌ఫోల్డ్ కూడా గాలింపు పద్ధతి మార్చే ఆ పనిని 40 నుంచి 60 రెట్లు వేగంగా చేసింది. అంటే అసలు ఆలస్యం చాలాసార్లు మోడల్లో కాదు, దాని ముందున్న పనిలో ఉంటుంది.

కాబట్టి కొత్త జీపీయూ కోసం మేనేజరుకి మెయిలు పెట్టేముందు ఓ పని చెయ్యండి. నడుస్తున్న జాబుని మీరే కావాలని చంపి, మళ్ళీ మొదలెట్టి చూడండి. ఆగకుండా నడిచినదానికీ దీనికీ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేకపోతే, అప్పుడు పరుగు గురించి మాట్లాడుకుందాం. ఏమంటారు?