పసిబిడ్డ నీళ్ళలో పడితే తప్పు తల్లిదేనా?

నడక వచ్చీరాని పసిబిడ్డ పెరటి గాబులోనో, కుడితి గోలెంలోనో, మూత లేని సంపులోనో పడి చనిపోతే, శవం ఇల్లు దాటకముందే "తల్లి ఏం చేస్తున్నట్టు?" అన్న మాట వీధిలో మొదలవుతుంది. తండ్రి ఎక్కడున్నాడని అడిగేవారు అరుదు.

ఏడాది, రెండేళ్ళ పిల్లలకు తల బరువెక్కువ. బకెట్టులోకి వంగితే తలకిందులవుతారు, తిరిగి లేవలేరు. జానెడు నీరు చాలు. కేకైనా వినబడదు. పొయ్యి మీది అన్నం వార్చి వచ్చేలోగా అంతా అయిపోతుంది.

నిర్లక్ష్యంవల్ల ప్రాణం పోతే పాత చట్టంలో రెండేళ్ళ వరకు శిక్ష ఉండేది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ దానిని అయిదేళ్ళకు పెంచింది. అయితే క్షణం సేపు కన్ను మళ్ళడం వేరు, నేరమనదగిన నిర్లక్ష్యం వేరు. వీధి తీర్పుకు ఈ తేడా పట్టదు.

కూలికి వెళ్ళే తల్లి బిడ్డను ఎవరికి అప్పగించాలి? 1975లో మొదలైన అంగన్‌వాడీలలో పగలు కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పేది ప్రధానంగా మూడేళ్ళు నిండినవారికే. గాబు దగ్గరకు పాకేది అంతకన్నా చిన్నవారు. పని స్థలంలో ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురుంటే చూడడానికి ఒక స్త్రీని పెట్టాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం చెప్పింది. అది ఎంతవరకు జరిగిందో కూలీలకే ఎరుక. బంగ్లాదేశ్ పల్లెల్లో పొద్దుటి వేళ పసిపిల్లలను ఒకచోట చేర్చి కనిపెట్టుకునే ఏర్పాటు చేయగా నీటి చావులు బాగా తగ్గాయి.

ఇక మూత సంగతి. సంపు తవ్వించినదీ, రేకు మూత వచ్చే నెల చేయిద్దామన్నదీ చాలా ఇళ్ళలో మగవారే.